వీధి లైటుకు చిరునామా: 412 కరెంటు స్తంభాలకు నంబర్లు వేసిన 26 వారాల పని డైరీ

విశాఖపట్నంలో ఒకే వార్డులో పక్కపక్కనున్న రెండు వార్డు సచివాలయాల పరిధిలో జరిగిన పని ఇది. వీధి లైటు ఆరిపోతే ఫిర్యాదు వెళ్తుంది. కొన్నాళ్లకు రికార్డులో "పరిష్కరించబడింది" అని పడుతుంది. లైటు మాత్రం వెలగదు. ఆ మధ్యలో ఏం జరుగుతోందో కొలిచి, తెగిన చోట ముడి వేయడమే మేం పెట్టుకున్న పని. ఇంకో వార్డులో ఎవరైనా మొదలుపెడితే మాకు పోయిన వారాలు వాళ్లకు పోకూడదని రాస్తున్నాం. అందుకే చెడిపోయినవాటికే ఎక్కువ చోటిచ్చాం.

ముందు నేల సంగతి. పరిధిలో మూడు రకాల చోట్లున్నాయి: కొండవాలు మెట్ల వీధులు, మధ్యలో చదునైన కాలనీ, సముద్రం వైపు వాడ. స్తంభాలు 412. సిమెంటువి 318, ఇనుప గొట్టాలవి 94. లైటు బిగించినవి 386 మాత్రమే. మిగతా 26 స్తంభాలకు అసలు లైటే లేదు. వాటి కింద నివసించేవాళ్లు "లైటు రావట్లేదు" అని ఫిర్యాదు పెడితే అది మరమ్మతు వాళ్లకు వెళ్లి తిరిగొస్తుంది. ఎన్నిసార్లు పెట్టినా అంతే, ఎందుకంటే అది మరమ్మతు కాదు, కొత్త లైటు మంజూరు. ఈ 26ను విడిగా రాసుకుని వేరే అర్జీగా ఇచ్చాం. కింద వచ్చే లెక్కలన్నీ 386 మీదే.

స్తంభం చాలాచోట్ల విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌ది, లైటు నగర పాలక సంస్థ జీవీఎంసీది, నిచ్చెన బండితో వచ్చి బాగు చేసేది కాంట్రాక్టు గ్యాంగు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక నగరంలో సోడియం దీపాలు, ట్యూబులు పోయి ఎల్‌ఈడీలు వచ్చాయి. ట్యూబు రోజుల్లో స్టార్టరో చోకో మార్చి దిగేవారు. ఎల్‌ఈడీలో పోయేది ఎక్కువగా దాని డ్రైవరు, అంటే లైటుకు సరిపడా కరెంటు ఇచ్చే చిన్న పెట్టె. అది మార్చాలన్నా, మొత్తం ఫిట్టింగు మార్చాలన్నా బండిలో సామాను ఉండాలి. ఈ సంగతి దశ 4లో పనికొస్తుంది.

దశ 0: తూకం (వారం 1–8)

పని మొదలుపెట్టే ముందు ఎనిమిది వారాలు ఏమీ మార్చకుండా కొలిచాం. ఇది దాటేయాలనిపిస్తుంది, దాటకండి. ముందు కొలత లేకపోతే చివర్లో బాగుపడిందని మనం చెప్పడమే తప్ప చూపించలేం.

1. వారానికి రెండు రాత్రులు, ఇద్దరు మనుషులు, అన్ని వీధులూ నడవాలి. మాకు ఒక్కో నడకకు 2 గంటల 40 నిమిషాలు పట్టింది.
2. ప్రతి లైటుకూ నాలుగింటిలో ఒక గుర్తు: వెలుగు, చీకటి, మినుకు, పగలు కూడా వెలుగు. చివరిది తెల్లారాక ఇంకోసారి చూసి రాయాలి.
3. చీకటిగా కనిపించిన ప్రతిదానికీ అదే రాత్రి ఫిర్యాదు పెట్టాలి.
4. ప్రతి ఫిర్యాదుకూ అయిదు తేదీలు రాసుకోవాలి: ఆరినట్టు చూసింది, ఫిర్యాదు చేసింది, గ్యాంగు వచ్చింది, లైటు వెలిగింది, రికార్డులో మూసింది.

మొదటి రెండు నడకలు చెడిపోయాయి. సాయంత్రం ఆరింటికే బయలుదేరడంతో, టైమరు ఇంకా వేయని వీధులను చీకటి వీధులుగా రాసేశాం. తర్వాత ఏడున్నరకు ముందు ఎప్పుడూ మొదలుపెట్టలేదు. ఆ రెండు నడకల కాగితాలు లెక్కలోంచి తీసేశాం.

ఎనిమిది వారాల లెక్క:

- మొదటి రోజుకే ఆరి ఉన్నవి: 22
- కొత్తగా ఆరినవి: 28
- వెలిగినవి: 30
- ఎనిమిదో వారం చివర చీకట్లో ఉన్నవి: 20

ఆ 20లో 9 రికార్డులో మూసేశారు కానీ చీకటిగానే ఉన్నాయి. 7 "చోటు గుర్తించలేకపోయాం" అని తిరిగొచ్చాయి. 4 పెండింగులో ఉన్నాయి.

రికార్డులో మూసిన ఫిర్యాదులకు మధ్యస్థ వ్యవధి 6 రోజులు, అంటే సగం ఫిర్యాదులు ఆ లోపే మూశారు. పై అధికారి ముందుకు వెళ్లే అంకె ఇదే. ఇంకో అంకె ఉంది. ఏ పూట చూసినా సగటున 21 లైట్లు చీకట్లో ఉన్నాయి. 56 రోజుల్లో కొత్తగా ఆరినవి 28, అంటే రోజుకు సగటున 0.5. క్యూల లెక్కలో 1961లో జాన్ లిటిల్ రుజువు చేసిన సూత్రం ఒకటుంది: క్యూలో సగటున ఉన్నవారి సంఖ్య అంటే, రోజుకు కొత్తగా చేరేవారి సంఖ్యను ఒక్కొక్కరూ అందులో గడిపే రోజులతో గుణిస్తే వచ్చేది. 21ని 0.5తో భాగిస్తే 42. ఆరిన లైటు సగటున 42 రోజులు చీకట్లో ఉంటోందన్నమాట. రికార్డు 6 అంటోంది, వీధి 42 అంటోంది. రెండూ నిజమే. త్వరగా అయ్యేవి నిజంగానే ఆరేడు రోజుల్లో అవుతున్నాయి. ఆగిపోయినవి మాత్రం నెలలపాటు అలాగే ఉండి సగటును మింగేస్తున్నాయి.

శాతాల్లో చూస్తే ఇదేమీ కనిపించదు. 386లో 21 ఆరితే 94.6 శాతం వెలుగుతున్నట్టే. సమీక్షలో ఆ అంకె బాగానే ఉంటుంది. ఆ మిగిలిన 5.4 శాతంలో ప్రతి వారం అవే సందులు ఉంటున్నాయని శాతం చెప్పదు. అందుకే ఈ డైరీలో ఇకపై శాతాలు వాడలేదు.

ఆగుతున్నది ఎక్కడ

"మూసినా చీకటి" 9 ఫిర్యాదులను ఒక్కొక్కటిగా తవ్వాం. 4 చోట్ల పక్క స్తంభం లైటు మార్చి వెళ్లారు. 3 చోట్ల గ్యాంగు పగలు వచ్చింది, తేడా ఏమీ కనిపించక వెళ్లిపోయింది. 2 చోట్ల లైటు వైరు లైనుకు కలిసే ముడి వదులుగా ఉండి వెలుగు వస్తూ పోతూ ఉంది.

పగలు రావడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లకు ఇది తట్టదు. వీధి లైట్లకు స్తంభాల మీద విడిగా ఒక ఫేజు తీగ ఉంటుంది. సాయంత్రం కంట్రోలు బాక్సులోని కాంటాక్టరు (లైనును కలిపే స్విచ్చు) పడితేనే అందులోకి కరెంటు వస్తుంది. పగలు పైకెక్కిన మనిషికి అన్ని లైట్లూ ఆరిపోయినవే. ఏది చెడ్డదో తెలియాలంటే బాక్సు దగ్గర లైను మొత్తం వేయాలి, లేదా ఫిర్యాదులో రాసిన చోటును నమ్మాలి. ఫిర్యాదులో రాసి ఉండేది ఇది:

"రామాలయం దగ్గర లైటు లేదు. దయచేసి వేయించగలరు."

మా పరిధిలో రామాలయాలు మూడు. ఒక్కోదాని చుట్టూ అయిదారు స్తంభాలు. ఆ గ్యాంగు వాళ్లు పక్కదాన్ని మార్చి వెళ్లారంటే పని ఎగ్గొట్టాలని కాదు. ఆ కాగితంతో ఎవరు వెళ్లినా అంతే.

ఫోను లొకేషను పంపితే సరిపోదా అని మాకూ అనిపించింది. ప్రయత్నించాం. బయలు చోట జీపీఎస్ అయిదు మీటర్లలో చూపిస్తుంది. మూడంతస్తుల ఇళ్ల మధ్య సందులో అది వెనక వీధికి జారిపోతుంది. కొండవాలులో మరీ కష్టం: మెట్ల దారిలో పై వరుస, కింది వరుస మ్యాపులో ఒకదాని మీద ఒకటి పడతాయి. పైగా చాలామంది ఇంటికొచ్చి, అన్నం తిని, అప్పుడు ఫిర్యాదు పెడతారు. వెళ్లేది ఇంటి లొకేషను.

కాబట్టి స్తంభానికే నంబరు ఉండాలి.

దశ 1: అనుమతులు (వారం 9–11)

మొత్తం 19 రోజులు పట్టింది. అందులో 8 రోజులు మా పొరపాటు వల్లే పోయాయి. లైటు జీవీఎంసీది కదా అని ముందు అక్కడే అర్జీ ఇచ్చాం. స్తంభం వేరే సంస్థది కాబట్టి వాళ్ల అంగీకారం కావాలన్నారు. రెండు అర్జీలూ ఒకేరోజు, ఒకదాని నకలు ఇంకోదానికి జతచేసి ఇవ్వండి.

అర్జీతో పెట్టినవి:

1. వీధుల చేతి మ్యాపు, స్తంభాల లెక్కతో.
2. నంబరు ఎంత ఎత్తులో, ఎంత కొలతలో వేస్తామో ఒక బొమ్మ.
3. ఏం చేయమో రాసిన హామీ: స్తంభం ఎక్కం. బాక్సు తెరవం. స్టే వైరు, ఎర్తు వైరు ముట్టం. తడిగా ఉన్న స్తంభాన్ని తాకం. సర్వీసు వైరు పెట్టె ఉన్న ముఖం మీద రాయం. ట్రాన్స్‌ఫార్మరు గద్దె దగ్గరకు వెళ్లం.

మూడోది లేకుండా ఏ ఇంజినీరూ సంతకం పెట్టడు, పెట్టకూడదు కూడా. వాన పడిన రోజు ఇనుప స్తంభానికి కరెంటు లీకవడం అరుదేమీ కాదు.

ఇదే సమయంలో సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల ఫీజుతో వీధి లైట్ల నిర్వహణ ఒప్పందం నకలు అడిగాం. 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి మొదటి వారంలోనే అడగడం మంచిది. ఎన్ని గంటల్లో బాగు చేయాలి, సామాను ఎవరు ఇవ్వాలి, ఆలస్యమైతే ఏమిటి అన్నవి ఆ కాగితంలో ఉంటాయి. అది చేతిలో లేకుండా దశ 4లో కూర్చుంటే మాటలే తప్ప పని జరగదు.

ఖర్చు: జిరాక్సులు, ప్రింట్లు 460. ఇప్పటిదాకా మొత్తం: రూ. 460.

దశ 2: ఏ నంబరు (వారం 10–12)

మొదటి పద్ధతి: వార్డు, సచివాలయం, వీధి, స్తంభం కలిపి ఎనిమిది అంకెలు. కాగితం మీద చక్కగా ఉంది. ఫోనులో చదివించి చూస్తే 40 సార్లలో 9 సార్లు తప్పు వచ్చింది. పెద్దవాళ్లు సగం చదివి ఆపేశారు. తీసేశాం.

రెండో పద్ధతి: వీధుల గుంపుకు ఒక తెలుగు అక్షరం, తర్వాత మూడంకెలు. మాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే, వదులుకోవడానికి మనసొప్పలేదు కూడా. రంగు కొంచెం పెచ్చు ఊడితే వ, మ ఒకటే అయిపోతాయి. ప, ష కూడా అంతే. ఫోనులో క అంటే గ అని, త అంటే ద అని వినపడుతుంది. అదే ఫిర్యాదును ఇంగ్లీషులో టైపు చేసేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాశారు. తీసేశాం.

మూడోది, నిలిచింది: మూడంకెల నంబరు, దాని కింద గీత, గీత కింద ఒక తనిఖీ అంకె.

తనిఖీ అంకె లెక్క:

1. మొదటి అంకెను 3తో, రెండోదాన్ని 7తో, మూడోదాన్ని 9తో గుణించాలి.
2. మూడూ కూడాలి.
3. మొత్తంలో ఒకట్ల స్థానంలో ఉన్నదే తనిఖీ అంకె.

237 తీసుకోండి: 6, 21, 63, మొత్తం 90. తనిఖీ అంకె 0. స్తంభం మీద 237, గీత, 0. ఎవరైనా 231 అని చదివితే లెక్క 36 వస్తుంది, అంటే 6 ఉండాలి. వాళ్లు 0 అన్నారంటే నంబరు తప్పని అక్కడికక్కడే తెలిసి, ఇంకోసారి చూడమని అడగొచ్చు. ఒక్క అంకె తప్పయితే ఈ లెక్క ఎప్పుడూ పట్టుకుంటుంది. గీత పైనున్న మూడంకెల్లో పక్కపక్కవి తారుమారైతే, వాటి మధ్య తేడా సరిగ్గా 5 అయినప్పుడు తప్ప, అదీ పట్టుకుంటుంది. ఫోను పరీక్షలో 40 సార్లకు 2 తప్పులు వచ్చాయి, రెండూ దొరికాయి.

ప్రతి వీధీ కొత్త పదితో మొదలవుతుంది. ఒక వీధి 146తో ముగిస్తే పక్క వీధి 150 నుంచి. మధ్యలో కొత్త స్తంభం వస్తే ఖాళీగా ఉన్న నంబరు ఇస్తాం. 47 వీధులకు చివరి నంబరు 687 అయింది, మూడంకెల్లో సరిపోయింది.

ఖర్చు: అట్ట స్టెన్సిళ్లు, ఒక స్ప్రే డబ్బా, పరీక్షకు రంగు 1,240. ఇప్పటిదాకా మొత్తం: రూ. 1,700.

దశ 3: రంగు (వారం 12–16)

మొదటి 60 స్తంభాలు పూర్తిగా పాడయ్యాయి. అవి ఎలా పాడయ్యాయో వివరంగా రాస్తున్నాం.

*తప్పు 1, ప్రైమరు లేదు.* సిమెంటు మీద నేరుగా ఎనామిల్ వేశాం. సిమెంటులో క్షారం, లోపలి తడి రెండూ ఎనామిల్‌ను నెట్టేస్తాయి. మూడు వారాల్లో గోటితో గీకితే పొరలుగా వచ్చింది. సముద్రం వైపు ఇనుప స్తంభాల మీద రంగు కింద నుంచి తుప్పు ఉబ్బింది.

*తప్పు 2, అడ్డంగా రాయడం.* సిమెంటు స్తంభం సన్న ముఖం జానెడు కూడా ఉండదు. నాలుగంకెలు అడ్డంగా పట్టించాలంటే అంకెలు చిన్నవవుతాయి. నిలువుగా మార్చాం: 12 సెంటీమీటర్ల వెడల్పు, 40 ఎత్తు పసుపు పట్టీ, అందులో 8 సెంటీమీటర్ల నల్ల అంకెలు ఒకదాని కింద ఒకటి.

*తప్పు 3, ఎత్తు.* చదవడానికి వీలని మీటరున్నర ఎత్తులో వేశాం. టు-లెట్ కాగితాలు, ట్యూషను ప్రకటనలు, సినిమా పోస్టర్లు అతికించేది సరిగ్గా అదే ఎత్తులో. రెండు మీటర్లకు పెంచాం. రెండు మెట్ల చెక్క పీట సరిపోతుంది.

*తప్పు 4, స్ప్రే.* స్టెన్సిల్ అంచు కిందికి రంగు ఊరి 6, 8 ఒకేలా కనిపించాయి. సముద్రపు గాలికి సగం రంగు పక్క గోడ మీద పడింది. స్ప్రే మానేసి స్పాంజి ముక్కతో అద్దాం. స్టెన్సిల్‌కు పాత ఎక్స్‌రే ఫిల్ముకు మించింది దొరకలేదు: గుండ్రటి ఇనుప స్తంభానికి చక్కగా వంగుతుంది, థిన్నరుతో తుడిస్తే మళ్లీ కొత్తదే. ఒక్కో ఫిల్ము ముప్పై నలభై స్తంభాలకు వచ్చింది. అట్ట అయితే ఆరు స్తంభాలకే నానిపోయింది.

*తప్పు 5.* ఇది అన్నిటికంటే ముఖ్యం, ఆలస్యంగా తట్టింది. నంబరుతో పని పడేది లైటు ఆరినప్పుడు. అంటే చీకట్లో. పగలు పది అడుగుల దూరం నుంచి స్పష్టంగా కనిపించిన నంబరు, రాత్రి ఆ స్తంభం కింద నిలబడితే ఎక్కడుందో కూడా తెలియలేదు. పసుపు పట్టీ పైఅంచున లారీల వెనక అంటించే మెరిసే టేపు, అయిదు సెంటీమీటర్ల వెడల్పుది, పది సెంటీమీటర్ల ముక్క అంటించాం. ఫోను టార్చి వేయగానే పట్టీ ఎక్కడుందో మెరుపు చూపిస్తుంది, దాని కింద అంకెలు చదువుకోవచ్చు. ఆ టేపు గరుకు సిమెంటుకు అంటుకోదు. పసుపు రంగు పూర్తిగా ఆరాక దాని మీదే అంటించాలి.

సవరించిన పద్ధతి, స్తంభానికి:

1. ఇనుప బ్రష్‌తో పట్టీ చోటు గీకాలి, ఎమరీ కాగితం పట్టాలి, పొడిగుడ్డతో తుడవాలి.
2. సిమెంటుకు సిమెంటు ప్రైమరు, ఇనుముకు రెడ్ ఆక్సైడు. ఒక పూట ఆరాలి.
3. పసుపు ఎనామిల్ రెండు పూతలు, మధ్యలో ఒక రాత్రి.
4. స్టెన్సిల్‌ను మాస్కింగ్ టేపుతో బిగించి, స్పాంజితో నలుపు అద్దాలి. రంగు పలచన చేయకూడదు.
5. మర్నాడు మెరుపు టేపు.
6. వేసిన నంబరును ఇంకో మనిషి చదివి, తనిఖీ అంకె లెక్కకట్టి టిక్కు పెట్టాలి. ఇక్కడే 5 స్తంభాల్లో తప్పు దొరికింది.

మే నెలలో పని ఉదయం ఆరు నుంచి పదిన్నర, మళ్లీ నాలుగు తర్వాత. మధ్యాహ్నం కాలిన ఇనుప గొట్టం మీద రంగు బుడగలు లేచింది.

సామాను, 412 స్తంభాలకు (పాడైన 60 మళ్లీ వేసినవి కలిపి):

- సిమెంటు ప్రైమరు 3 లీటర్లు: 540
- పసుపు ఎనామిల్ 6 లీటర్లు: 2,040
- నలుపు 1 లీటరు: 340
- రెడ్ ఆక్సైడు 1 లీటరు: 240
- థిన్నరు 2 లీటర్లు: 300
- ఇనుప బ్రష్‌లు 6: 270
- ఎమరీ కాగితాలు 20: 300
- కుంచెలు 10: 600
- మాస్కింగ్ టేపు 10 చుట్టలు: 500

కలిపి 5,130. పాడైన మొదటి 60కి 980. మెరుపు టేపు 50 మీటర్ల చుట్ట 1,850. ఇద్దరు పెయింటర్లకు 8 రోజుల కూలి, రోజుకు 900 చొప్పున, 14,400.

ఇప్పటిదాకా మొత్తం: రూ. 24,060. సమయం స్తంభానికి సుమారు 19 నిమిషాలు.

దశ 4: నంబరును పనికి ముడిపెట్టడం (వారం 17–18)

రంగు వేసి ఆగిపోతే ఏమీ మారదు. మొదటి వారంలోనే తేలింది: జనం నంబరు రాసి ఫిర్యాదు పెట్టారు, గ్యాంగు దగ్గర ఆ నంబరు ఏ వీధిలో ఉందో చెప్పే జాబితా లేదు. 24 కాగితాల మీద వీధివారీ మ్యాపులు వేసి, లామినేషను చేయించి ఒక సెట్టు నిచ్చెన బండిలో, ఒకటి సచివాలయాల్లో పెట్టాం. మ్యాపులకు 960, రెండు రిజిస్టర్లకు 240. మొత్తం: రూ. 25,260. స్తంభానికి 61 రూపాయలు.

ఫిర్యాదు తీసుకునే చోట మూడు ప్రశ్నలు పెట్టాం:

1. స్తంభం నంబరు, గీత కింద అంకెతో సహా?
2. అటూ ఇటూ స్తంభాల లైట్లు వెలుగుతున్నాయా?
3. పూర్తిగా ఆరిందా, మినుకుతోందా, పగలు కూడా వెలుగుతోందా?

రెండో ప్రశ్నకు విలువ చాలా ఉంది. ఒక్కటే ఆరితే ఫిట్టింగో ముడో. వరసగా నాలుగైదు ఆరితే అది ఫేజు తీగ, లేదా కంట్రోలు బాక్సు. ఇదివరకు రెండిటికీ ఫిట్టింగులు పట్టుకుని అదే గ్యాంగు వచ్చేది, లైను తప్పని చూసి వెళ్లిపోయేది. ఇప్పుడు ఎవరు వెళ్లాలో బయలుదేరే ముందే తెలుస్తుంది.

ఒకే లైటు మీద సచివాలయంలో ఒకరు, టోల్‌ఫ్రీకి ఒకరు, 2025 జనవరిలో వచ్చిన రాష్ట్ర ప్రభుత్వ మన మిత్ర వాట్సాప్‌లో ఒకరు ఫిర్యాదు పెడితే ఇదివరకు మూడు వేర్వేరు పనులయ్యేవి. నంబరు ఒకటే కావడంతో మూడూ ఒక వరుసలోకి వచ్చాయి. తలుపులు ఎన్ని తెరిచినా మంచిదే, లోపల పుస్తకం ఒకటే ఉండాలి.

ఇక మూయడం. పని పూర్తయినట్టు రాత్రి ఫొటో పెట్టాలని గ్యాంగును అడిగాం. తప్పు ఆలోచన. వాళ్ల డ్యూటీ పగలు. వచ్చినవన్నీ పగటి ఫొటోలే. దాన్ని వదిలేసి రెండు మెట్లు చేశాం: గ్యాంగు "పని అయింది" అని రాస్తుంది, రాత్రి ఏడున్నర తర్వాత ఫిర్యాదుదారుకు ఫోను చేసి, లేదా నడకలో చూసి, వెలిగితేనే మూసినట్టు.

ఇంకొకటి. చీకట్లో ఉన్నదాన్ని ఎందుకు మూసేస్తారని అడుగుతూ పోతే తేలింది ఏమిటంటే, గడువు దాటిన ఫిర్యాదు తెరమీద ఎర్రగా పడుతుంది, దానికి సంజాయిషీ కింది ఉద్యోగే ఇచ్చుకోవాలి. "సామాను రాలేదు, ఆగింది" అని రాసే గడి అందులో లేదు. ఉన్నవి రెండే: పెండింగు, పరిష్కారం. నిజం రాయడానికి చోటు లేనప్పుడు ఆ ఉద్యోగి మాత్రం ఏం చేస్తాడు? సాఫ్ట్‌వేరు మార్చడం మా చేతిలో లేదు. సచివాలయం రిజిస్టరులో "ఆగింది" అనే గడి గీసి, పక్కన కారణం కోడు పెట్టాం: 1 ఫిట్టింగు లేదా డ్రైవరు సామాను లేదు, 2 లైను పని, 3 చెట్టు కొమ్మ, 4 బండి వెళ్లదు, 5 చోటు దొరకలేదు.

ప్రతి సోమవారం పావుగంట సమావేశం. సచివాలయం నుంచి ఎమినిటీస్ (సౌకర్యాల) సెక్రటరీ, ఎనర్జీ (విద్యుత్తు) సెక్రటరీ, గ్యాంగు మేస్త్రీ. చేతిలో ఒకే కాగితం, అందులో అన్నిటికంటే పాత ఫిర్యాదు పైన. కొత్తవాటి గురించి మాట్లాడరు, అవి ఎలాగూ అవుతాయి. పైనుంచి అయిదు మాత్రమే, ఒక్కోదానికి ఎవరు, ఏ రోజు అన్నది రాస్తారు.

దశ 5: రెండో తూకం (వారం 19–26)

జులై, ఆగస్టు, వానలు. మొదటి తూకం ఎండాకాలపు అంచున జరిగింది కాబట్టి ఇది కష్టమైన పోలికే.

మొదటి నాలుగు వారాలు: మొదట్లో చీకటి 18, కొత్తగా ఆరినవి 16, వెలిగినవి 26, మిగిలినవి 8.
తర్వాతి నాలుగు వారాలు: మొదట్లో 8, కొత్తగా 16, వెలిగినవి 17, మిగిలినవి 7.

లిటిల్ సూత్రం క్యూ నిలకడగా ఉన్నప్పుడే సరిగ్గా పనిచేస్తుంది. మొదటి నెలలో పాత బకాయి కరిగింది కాబట్టి దాన్ని వాడకూడదు. రెండో నెలకే లెక్కకట్టాం: సగటున చీకట్లో 7.5, రోజుకు కొత్తవి 0.57. భాగిస్తే 13 రోజులు. ఇదివరకు 42.

"చోటు గుర్తించలేకపోయాం" అని ఒక్కటీ తిరిగి రాలేదు. మూసినా చీకటిగా ఉన్నవి 2, రెండూ ఆ రాత్రే తిరిగి తెరిచాం.

వెలిగిన 43కి కారణాలు రాసి ఉండటం వల్ల ఇంకో సంగతి బయటపడింది. ఫిట్టింగు మార్చినవి 19. పైముడి బిగించినవి 11. లైను లేదా బాక్సు పని 9. కొమ్మలు కొట్టాక వెలిగినవి 4. అంటే సగానికి పైగా లైట్లకు కొత్త ఫిట్టింగే అక్కర్లేదు. ఆ 11 ముళ్లలో 8 సముద్రం వైపువే. అక్కడ అల్యూమినియం లైనుకు లైటు తాలూకు రాగి వైరును నేరుగా చుట్టి వదిలేశారు. రెండు లోహాలు కలిసిన చోట ఉప్పుగాలి తడి తగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది, అది బూడిద పొడిలా రాలుతుంది. చుట్టిన ముడిని మళ్లీ చుడితే మళ్లీ అదే. ఆ 8 చోట్లా బైమెటల్ క్లాంపు, అంటే రెండు లోహాలూ నేరుగా తగలకుండా కలిపే బిగింపు, వేయమని అడిగాం. 5 చోట్ల వేశారు, మూడింటికి సామాను రావాలి. ప్రస్తుతానికి వెలుగుతున్నాయి, కానీ జాబితాలోనే ఉంచాం.

26వ వారం చివర మిగిలినవి

7 లైట్లు. అందులో 5 కొండవాలు మెట్ల వీధుల్లోవి. నిచ్చెన బండి పైకి వెళ్లదు, చేతి నిచ్చెన మోయడానికి ఇంకో ఇద్దరు కావాలి, ఒక్క లైటు కోసం ఎవరూ అంత పెట్టుకోరు. విడివిడిగా ఎన్నాళ్లడిగినా కాలేదు కాబట్టి, నెలకు రెండు బుధవారాలు కొండరోజులుగా పెట్టి అన్నీ ఒకేసారి చేయడానికి మేస్త్రీ ఒప్పుకున్నారు. నిచ్చెన వెదురుదో ఫైబరుదో కావాలి. తీగల దగ్గరకు అల్యూమినియం నిచ్చెన తీసుకెళ్లకూడదు, తేలికగా ఉంటుందని ఎవరన్నా తెస్తే వెనక్కి పంపండి. మొదటి కొండరోజు వచ్చే బుధవారం. నంబర్లు 412-7, 415-4, 431-2, 433-0, 458-9.

మిగతా రెండు, 563-4, 564-3, భూమిలోపలి కేబులు జాయింటు దగ్గర ఆగాయి. అక్కడ తవ్వాలంటే రోడ్డు కోతకు అనుమతి కావాలి. ఆ దరఖాస్తు వెళ్లింది.

నంబర్లలో 23 మాసిపోవడం మొదలైంది, అన్నీ సముద్రం వైపు ఇనుప స్తంభాలవే. రెడ్ ఆక్సైడు ఒక పూత చాలలేదు, ఈసారి రెండు వేయాలి. మిగిలిన పావు లీటరు పసుపు, స్టెన్సిళ్లు, టేపు చుట్ట సచివాలయం బీరువాలో ఉన్నాయి. కొత్త స్తంభం పాతితే రిజిస్టరు చివరి పేజీలో ఆ వీధి ఖాళీ నంబర్లు చూసి, తనిఖీ అంకె కట్టి, పాతిన వారంలోనే వేయాలి.